ఎనిమిది అడుగుల అమెజాన్: ఒక ప్రాజెక్టు డైరీ

ఏం కడుతున్నాం

మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లలకు తెలుగు క్లాసు నడుస్తుంది. ఈసారి వార్షికోత్సవానికి ఇచ్చిన అంశం ‘నదులు’. గోదావరి, కృష్ణ, తుంగభద్ర మొదటి వారమే పంచేసుకున్నారు. పెన్న కోసం నెల్లూరు పిల్లలిద్దరు కాసేపు కొట్టుకున్నారు. మా అమ్మాయి జట్టు వంతు వచ్చేసరికి తెలిసిన నదులన్నీ అయిపోయాయి. దాంతో ఏకంగా అమెజాన్ పట్టుకొచ్చారు.

ఉత్త నదే అయితే చార్టు పేపరు, స్కెచ్ పెన్నులు చాలు. వీళ్లకు ఆ నదిని ఈదిన మనిషి కూడా కావాలట. మార్టిన్ స్ట్రెల్, స్లొవేనియా దేశస్థుడు. 2007 ఫిబ్రవరి 1న పెరూలోని అటలాయా దగ్గర నీళ్లలో దిగి, ఏప్రిల్ 7న బ్రెజిల్‌లోని బెలెంలో ఒడ్డెక్కాడు. 66 రోజులు, 5,268 కిలోమీటర్లు. అప్పటికి 52 ఏళ్లు. వంద కిలోలు దాటిన మనిషి, బాగా ముందుకొచ్చిన పొట్ట. ఫ్లమెంకో గిటారు నేర్పేవాడు. ఈత మధ్యలో కూడా వైన్ మానలేదు. పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది ఆ పొట్టే. ‘అచ్చం అంకుల్‌లా ఉన్నాడు’ అన్నారు. ఏ అంకుల్‌లా అని నేను అడగలేదు.

సరే, నీళ్లు పారే మోడల్ కడదామన్నాను. ఆఫీసులో నా పని ఎలక్ట్రానిక్ బోర్డులతో, కాబట్టి లైట్లు, మోటార్లు నా చేతిలో పని. నీళ్ల సంగతి వేరు. దానికి పై అంతస్తులో ఒకాయన దొరికారు. ఇరిగేషన్‌లో డీఈగా రిటైరై, కొడుకు దగ్గర ఉండడానికి ధవళేశ్వరం నుంచి బెంగళూరు వచ్చేశారు. మాదీ రాజమండ్రే అని తెలిశాక నాకు బాబాయిగారైపోయారు.

స్కేలు లెక్క

ట్రే పొడవు ఎనిమిది అడుగులు, ఎందుకంటే ప్లైవుడ్ షీటు అంతే వస్తుంది. అంటే 2.44 మీటర్లలో 5,268 కిలోమీటర్లు పట్టాలి. ఒక మిల్లీమీటరుకు రెండు కిలోమీటర్ల పైమాటే. అమెజాన్ చాలా చోట్ల కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కనుక మన మోడల్‌లో నది వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. నలభై మీటర్ల లోతున్న చోట మన లోతు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. తలవెంట్రుక అంతకన్నా లావు.

‘అయితే ఇది నది కాదమ్మా, తడి’ అన్నారు బాబాయిగారు.

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో కేంద్ర ప్రభుత్వ జలపరిశోధనా కేంద్రం ఉంది, 1916లో మొదలైంది. ఉద్యోగంలో ఉండగా ఆయన అక్కడి మోడళ్లు చూసొచ్చారు. అక్కడ కూడా పొడవుకు ఒక స్కేలు, లోతుకు వేరే స్కేలు వాడతారట. నీళ్లు మరీ పల్చనైతే తలతన్యతదే రాజ్యం, సుడి అన్నది పుట్టదు. మాకైతే ఆ వెసులుబాటు కూడా చాలదు. అందుకని పని రెండుగా విడగొట్టాం. వెనక నిలువు బోర్డు మీద నది మొత్తం మ్యాపు, రోజుకొకటి చొప్పున 66 లైట్లు. ముందు ట్రేలో నీళ్లు. అందులో నది మొత్తం ఉండదు, మూడు చోట్లే ఉంటాయి: పైన పెరూలో అమెజాన్‌లో కలిసే ఉకయాలి నది మలుపు, మధ్యలో మనౌస్ సంగమం, చివర బెలెం దగ్గరి పోటు.

ఈ మూడూ ఎంచింది బాబాయిగారు. పిల్లలు ఎంచిన మూడూ పిరానాలు, అనకొండ, మొసలి. ఆ గొడవ కిందకు వస్తుంది.

శనివారం, ఎస్పీ రోడ్డు

లైట్ల కోసం బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. శనివారం అక్కడ నడవడమే ఒక ఈత. మీటరుకు 30 బల్బులుండే రంగుల ఎల్ఈడీ స్ట్రిప్పు తీసుకున్నాను. 66 బల్బులకు 2.2 మీటర్లు, బోర్డు పొడవుకు అతికినట్టు సరిపోయింది. కానీ నది తిన్నగా పోదు కదా. స్ట్రిప్పును ముక్కలు చేసి, ప్రతి వంపు దగ్గరా మూడు తీగలు సోల్డర్ చేసుకుంటూ పోవాలి. అన్ని బల్బులూ తెల్లగా నిండుగా వెలిగితే దాదాపు 4 ఆంపియర్లు లాగుతాయి. 5 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టరు తీసుకుని, వెలుగు మూడో వంతుకు తగ్గించి ప్రోగ్రాం రాశాను. పిల్లల కళ్లకూ అదే మంచిది.

పంపు దగ్గర పేచీ వచ్చింది. ఇంట్లో ఉన్న పాత కూలర్ పంపు పెట్టి చూశాం. గంటకు వెయ్యి లీటర్లు తోడుతుంది, అంతే. మా కాలువ వెడల్పు 15 సెంటీమీటర్లు, లోతు 3 సెంటీమీటర్లు. లెక్క కడితే నీటి వేగం సెకనుకు 6 సెంటీమీటర్లు. చీమ కూడా ఎదురీదుతుంది. పెద్ద పంపు చూద్దామంటే అసోసియేషన్ ఎలక్ట్రీషియన్ అడ్డం పడ్డాడు. పిల్లలు చేతులు పెట్టే నీళ్లలో 230 వోల్టుల పంపు పెడితే హాల్లో కనెక్షన్ ఇవ్వనన్నాడు. ఆయన మాటే రైటు. పడవల అడుగున చేరిన నీళ్లు తోడేసే 12 వోల్టుల బిల్జ్ పంపు ఆన్‌లైన్‌లో తెప్పించాం. గంటకు నాలుగు వేల లీటర్లని డబ్బా మీద ఉంది. నీళ్లు పైకెత్తాలి కాబట్టి అందులో సగం పైచిలుకు వస్తే మాకు పండగే.

నీళ్ల విషయం కూడా చెప్పాలి. 2024 ఎండాకాలంలో ఈ ఊళ్లో తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఆ రోజులు గుర్తున్నవాళ్లెవరూ అరవై లీటర్లు బొమ్మనదికి పోస్తామంటే ఊరుకోరు. అందుకని నాలుగు ఫ్లాట్ల నుంచి ఆర్వో మెషీన్లు వదిలేసే నీళ్లు బకెట్లకు పట్టి తెచ్చాం. ఉప్పు ఎక్కువ, ఆరితే అంచుల్లో తెల్లటి చార కడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోదు, నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది.

ట్రే

12 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, చుట్టూ నాలుగంగుళాల అంచులు, మూలల్లో సిలికాన్. సిలికాన్ ఆరేదాకా ఇల్లంతా పులిసిన వెనిగర్ వాసన. సోఫా బాల్కనీలోకి పోయింది. మా ఆయన టీవీ చూడాలంటే అమెజాన్ దాటి రావాలి.

గట్లకు థర్మకోల్ కోసి వైరు వేడి చేసి వంపులు తీశాం. నీళ్లు వదలగానే ఉకయాలి గట్టు లేచి బెలెం వైపు ప్రయాణం కట్టింది. థర్మకోల్‌ని నీళ్ల కింద ఉండమంటే ఉంటుందా. అడుగున స్క్రూలు బిగించి, పైన సిమెంటు పాలు రెండు కోటింగులు పూసి, బరువెక్కించాక ఒప్పుకుంది.

ఈతగాడు

స్ట్రెల్ పాత్రకు వైన్ సీసా బిరడా. మా ఆఫీసులో ఒకతను నంది హిల్స్ వైపు ద్రాక్షతోటలకు వెళ్లొచ్చి ఇచ్చాడు. స్ట్రెల్‌కు వైన్ ఇష్టం కాబట్టి ఇది మర్యాదగానే ఉంటుందనుకున్నాను. క్లాసు తల్లిదండ్రుల్లో ఒకావిడ మాత్రం ‘అది పిల్లలకు చెప్పకండి’ అన్నారు. చెప్పలేదు. బిరడా మాత్రం బిరడాయే.

నీళ్లలో వేస్తే బిరడా కింది వైపు పోవాలి కదా, పక్కకు పోయి గట్టుకు అంటుకుంది. తీసి మధ్యలో వేస్తే మళ్లీ అదే గట్టుకు. బాబాయిగారు ఒక్క క్షణం చూసి, తలెత్తి, ‘అమ్మాయ్, ఫ్యాన్ ఆపు’ అన్నారు. మూడొంతులు నీళ్ల పైన తేలే బిరడాకు నీటి మాట కన్నా గాలి మాటే ఎక్కువ వినబడుతుంది. మనిషి అలా తేలడు, దాదాపు మొత్తం నీళ్లలోనే ఉంటాడు. అడుగున చిన్న మేకు దిగ్గొట్టి దానికి వాషర్లు తొడుక్కుంటూ పోయాం. తల మాత్రం పైన కనబడేలా మునిగేసరికి ఫ్యాను తిరుగుతున్నా నీటి దారినే పోయింది. పిల్లలు దానికి స్కెచ్ పెన్నుతో కళ్లు, మీసం పెట్టారు. మీసం మూడు ట్రయళ్లలో కరిగిపోయింది.

రోజుకు 80 కిలోమీటర్లు

ఈ డైరీ అంతటికీ అసలు పేజీ ఇదే అనుకుంటున్నాను.

5,268ని 66తో భాగిస్తే రోజుకు దాదాపు 80 కిలోమీటర్లు. ముర్షిదాబాద్ జిల్లాలో భాగీరథి మీద ఏటా 81 కిలోమీటర్ల ఈత పోటీ జరుగుతుంది. ప్రపంచంలోనే పొడవైన పోటీల్లో ఒకటిగా చెప్పుకుంటారు. అందులో నెగ్గడానికి కుర్రాళ్లు ఏడాదంతా తయారవుతారు. ఈయన అంత దూరాన్ని రోజూ, రెండు నెలల పైన లాగించాడు. మా అమ్మాయి జట్టులో లెక్కలు బాగా వచ్చే పిల్లాడొకడు వెంటనే పట్టేశాడు: ‘ఆంటీ, మనిషి అంత ఫాస్ట్ ఈదలేడు. అబద్ధం.’

వాడి అనుమానం సబబే. గంటలకొద్దీ ఈదేవాడు నిలకడ నీటిలో గంటకు 3 కిలోమీటర్లు పోతాడనుకుందాం. పది గంటలకు 30. మిగతా 50 ఎక్కడివి? నదివి. అంటే నీళ్లు గంటకు 5 కిలోమీటర్ల వడితో పారాలి.

ఇక్కడ నాకొక చిక్కు. పెరూలో అమెజాన్ ఒడ్డునున్న ఇకిటోస్ ఊరు సముద్రానికి 3,600 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఎత్తు మాత్రం 100 మీటర్ల చిల్లర. అంటే 36 కిలోమీటర్లకు ఒక్క మీటరు వాలు. మా బాత్రూము నేల వాటం దీనికి కొన్ని వందల రెట్లు ఉంటుంది, అయినా నీళ్లు మూలకు పోవడానికి మొరాయిస్తాయి. అంత చదునుగా ఉన్న నది ఎలా పరుగెడుతుంది?

బాబాయిగారికి ఇలాంటి ప్రశ్న అడిగితే కాఫీ ఇచ్చినట్టే. టీపాయ్ మీదున్న శుభలేఖ కవరు తిరగేసి మానింగ్ సూత్రం రాశారు. ఐర్లండు ఇంజినీరు పేరు మీదున్న ఈ సూత్రాన్ని మన కాలువల డిజైన్‌లోనూ వాడతారు. నీటి వేగాన్ని తేల్చేవి మూడు: వాలు, అడుగు గరుకుదనం, లోతు. వాలు 1/36,000, దాని వర్గమూలం 0.0053. గరుకుదనానికి 0.025 వేశారు. లోతు 20 మీటర్లనుకుంటే దాన్ని మూడింట రెండో ఘాతానికి తీసుకెళ్తే 7.4. గుణించి భాగించి సెకనుకు ఒకటిన్నర మీటర్లని అడుగున గీత గీశారు. గంటకు ఐదున్నర కిలోమీటర్లు.

‘చూశావా తల్లీ. వాలు లేకపోయినా లోతుంది. అడుగు పట్టి లాగేది కింది పొరనే. పైన అంత నీరుంటే దాన్నెవడు ఆపుతాడు.’

మాకు కావలసింది 5, ఆయనకు వచ్చింది ఐదున్నర. ఇది లెక్క మాత్రమే, నది అంతటా ఒకే లోతుండదు. అయినా ఆ కవరు నేను దాచుకున్నాను. పెళ్లివాళ్లు ఏమీ అనుకోరు.

అప్పటి నుంచీ నా దృష్టి మారింది. స్ట్రెల్ అమెజాన్‌తో పోరాడి గెలిచాడని అందరూ రాస్తారు. అలా పోరాటంగా చెప్పడం నాకు నచ్చదు. 80లో 50 పెట్టింది నది అయినప్పుడు, ఈతగాడి పని ఆ 50ని రోజూ చేజారనివ్వకుండా పట్టుకోవడం. గట్టు దగ్గరి నెమ్మది నీటిలో పడితే ఆ రోజు సగం పోయినట్టే. ఆ వడిని వెతికిపెట్టేది ముందు పోయే పడవ. కొడుకు బోరుత్ నడిపించిన బృందం వెంట ఉంది. ఈత ఒకడిదైనా దారి చూసే కళ్లు చాలా ఉన్నాయి.

మలుపు

కొత్త పంపు వచ్చింది. వేగం సెకనుకు 15 సెంటీమీటర్ల దాకా వస్తోంది. సుడులు కంటికి ఆనుతున్నాయి.

వేగం కొలవడానికి బాబాయిగారి పద్ధతి: పంచింగ్ మెషీన్‌లో రాలిన కాగితపు చుక్కలు గుప్పెడు తీసి, కాలువకు అడ్డంగా ఒకే వరసలో చల్లడం. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో. తిన్నటి చోట వరస మధ్యలో ముందుకు సాగి విల్లులా వంగుతుంది. మలుపు రాగానే ఆ విల్లు ఒక పక్కకు ఒరుగుతుంది. బయటి గట్టు వైపు చుక్కలు ఉరుకుతాయి, లోపలి గట్టు దగ్గరవి ఏదో గుర్తొచ్చినట్టు ఆగుతాయి, కొన్ని వెనక్కి కూడా తిరుగుతాయి. బిరడా వేస్తే అదీ బయటి గట్టుకే.

ఇంతలో అడుగున చల్లిన సన్న ఇసుక చూస్తే అది లోపలి వైపు కుప్ప పడుతోంది. పైన నీరు బయటికి, కింద నీరు లోపలికి. టీ గ్లాసులో చెంచా తిప్పి ఆపితే టీ పొడి అంచులకు పోకుండా నడిమధ్య పోగవుతుందే, కారణం ఇదే. నదుల వంపులకూ టీ ఆకులకూ కలిపి 1926లో ఐన్‌స్టీన్ ఒక వ్యాసమే రాశాడు. బయటి గట్టు కోసుకుపోవడం, లోపల ఇసుక మేట వేయడం గోదారి లంకల్లో పెరిగినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈతగాడి చిక్కు చూడండి. వడి కావాలంటే బయటి గట్టుకు దగ్గరగా పోవాలి. ఆ వడే గట్టును కోసి చెట్లను పడేస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ అంటే అక్కడ నీరు పెరిగే కాలం, అడవిలోంచి దుంగలు కొట్టుకొస్తుంటాయి. పిల్లలు అగ్గిపుల్లలు విరిచి వదిలితే అవీ బిరడా పోయిన దారినే పోయి, మలుపులో బయటి గట్టుకు పేరుకున్నాయి. బిరడా వాటి మధ్య ఇరుక్కుంది. మా అమ్మాయి వేలితో తప్పించబోతే బాబాయిగారు ఆపి, దారపు కొనకు మైనం ముద్ద కట్టి ‘ఇదీ నీ పడవ, దీన్ని ముందు పెట్టి లాక్కుపో’ అన్నారు. పడవ ముందుండి మలుపుకు ముందే కాస్త లోపలికి జరగాలి, దాటాక మళ్లీ వడిలోకి రావాలి. పిల్లలకు ఇదొక వీడియో గేమ్ అయి కూర్చుంది. వార్షికోత్సవం రోజు క్యూ కట్టేది దీని దగ్గరే.

ఆ ఒళ్లు గురించి

చార్టు మీద రాయడానికి పిల్లలు అడిగారు: లావుగా ఉన్నాయన ఎలా ఈదాడు?

కొవ్వు నీటికన్నా తేలిక, కాబట్టి తేలడానికి ఒళ్లు అడ్డం కాదు, సాయమే. గంటల తరబడి నీళ్లలో ఉండేవాడికి నిల్వ ఉన్న బలం కూడా కావాలి. పైగా ఇది మొదటి నది కాదు. 2000లో డాన్యూబ్ 2,860 కిలోమీటర్లు, 2002లో మిసిసిపీ, 2003లో పరానా, 2004లో యాంగ్సీ 4,003 కిలోమీటర్లు. మధ్యలో 2001లో డాన్యూబ్‌లోనే 84 గంటల పది నిమిషాలు ఆగకుండా 504.5 కిలోమీటర్లు ఈదాడు. ఫోటోలో పొట్టే కనబడుతుంది, దాని వెనక ఇదంతా ఉంది.

మనవాళ్లలోనూ ఉన్నారు. 1958లో ఇంగ్లిష్ చానల్ ఈదిన తొలి భారతీయుడు మిహిర్ సేన్ వృత్తికి లాయరు. మన సామర్లకోట గోలి శ్యామల నలభైల్లో ఈత నేర్చుకుని 2021లో పాక్ జలసంధి ఈదారు, 52వ ఏట విశాఖ నుంచి కాకినాడ దాకా సుమారు 150 కిలోమీటర్లు సముద్రంలో వచ్చారు. స్ట్రెల్‌కు అమెజాన్ నాటి వయసే. ఆమె ఫోటో కూడా చార్టు మీద పెట్టమని నేనే పట్టుబట్టాను.

పిరానా పేచీ

పిరానాలు లేకపోతే ప్రాజెక్టులో ఉండనని ఒకడు బ్యాగు తగిలించుకున్నాడు.

పిరానాలు ఉన్నమాట నిజమే. అవి దగ్గరకొస్తే వేరేచోటికి మళ్లించడానికి వెంట వచ్చే పడవల్లో నెత్తురు బకెట్లు సిద్ధంగా పెట్టుకున్నారు. ఇంత విన్నాక పిల్లలకు ఇంకేమీ వినబడలేదు. కానీ చివరికి ఆయన్ను కూలదోసినవి ఏమిటి? ఎండకు కాలిన మొహం, విరేచనాలు, వాంతి వచ్చేట్టు ఉండటం, పెరిగిన రక్తపోటు, తల తిరగడం, మతి చెదరడం. ఎండకు తట్టుకోలేక మొహానికి గుడ్డ ముసుగు వేసుకుని ఈదాడు. భూమధ్యరేఖకు అంత దగ్గర, నీటి మీద పడి ఎదురు కొట్టే ఎండ. ఒళ్లు వెట్‌సూట్‌లో ఉంటుంది, మొహం ఎక్కడ దాచుకుంటాడు?

రాజీ ఏమిటంటే, పళ్లున్న చేప ఒకటే ఒకటి, మట్టితో, మనౌస్ దగ్గర. సూర్యుడు మాత్రం బోర్డు మీద నిజమైన బల్బు, పన్నెండు వాట్లది. ఆ పిల్లాడు బ్యాగు దించాడు. చేపకు మాత్రం వాడు లెక్కకు మించి పళ్లు పెట్టాడు.

మనౌస్

ఇది తొందరగా తేలిపోయింది. రియో నెగ్రో అనే ఉపనది నీళ్లు నల్లగా, సోలిమోయిస్ (బ్రెజిల్‌లో మనౌస్ దాకా అమెజాన్‌కే ఆ పేరు) నీళ్లు బురదగా ఉంటాయి. మనౌస్ దగ్గర రెండూ కలిసి కూడా సుమారు ఆరు కిలోమీటర్లు పక్కపక్కనే, కలవకుండా పోతాయి. వేగం, వేడి, సాంద్రత మూడింటిలోనూ తేడా కనుక. నెగ్రో నలుపు అడవిలో కుళ్లిన ఆకుల నుంచి దిగిన రంగు. అందుకని పాలు లేని టీ డికాషన్ కాచి ఒక బకెట్టు, ముల్తానీ మట్టి కలిపి ఒక బకెట్టు, రెండు పైపులు. పంపు ఆపి, పై నుంచి దిగే నీళ్లతోనే నడపాలి, లేకపోతే ఒక్క చుట్టుకే అంతా టీ అయిపోతుంది. గీత రెండు జానల పొడవు నిలబడింది. ఒక పైపు వాల్వు కాస్త ఎక్కువ తిప్పితే అంచున చిన్న చిన్న సుడులు పుట్టి గీత చిరిగిపోతుంది. వాల్వుల దగ్గర ఎవరిని కూర్చోబెట్టాలన్నది ఇంకా తేలలేదు.

బెలెం, పోటు

నాకు ఎక్కువ రాత్రులు పట్టినది ఇది.

ట్రే కింది చివర ఒక అక్రిలిక్ తలుపు, దాన్ని ఎత్తి దించే సర్వో మోటారు. తలుపు లేస్తే నీరు బయటికి పోయే దారి మూసుకుని కింది నుంచి మట్టం పెరుగుతుంది. అది పోటు. దిగితే పాటు. నిజంలో ఒక చుట్టుకు పన్నెండు గంటల పైన పడుతుంది, మేం ఒకటిన్నర నిమిషానికి కుదించాం.

మొదట్లో తలుపు ఒక్క ఉదుటున లేచేది. నీరు గోడకు కొట్టుకున్నట్టై అల వెనక్కి పరుగెత్తి ట్రే అంచు దాటి కార్పెట్ మీద పడేది. మోటారును చిన్న చిన్న అడుగులుగా, మొదట మెల్లగా, మధ్యలో వేగంగా, చివర మళ్లీ మెల్లగా కదిలేలా రాశాక దారికొచ్చింది. సర్వో ప్రతి అడుగుకూ కీచుమంటుంది. అలాగే ఉండనివ్వండి అన్నారు బాబాయిగారు, డెల్టా లాకు గేట్లు కూడా అలాగే అరుస్తాయట.

ఇప్పుడు బిరడా వేస్తే చూడాలి. మలుపు దాటి, మనౌస్ దాటి హుషారుగా వచ్చి, బెలెం ఇంక జానెడు ఉందనగా నెమ్మదించి ఆగిపోతుంది. తర్వాత వచ్చిన దారినే మెల్లగా వెనక్కి. మొదటిసారి పిల్లలంతా ఒక్కసారిగా ‘అయ్యో’ అన్నారు. ఒకడు పంపు పాడైందనుకుని ప్లగ్గు దగ్గరకు పరుగెత్తాడు.

బాబాయిగారికి ఇది కొత్త కాదు. యానాం దిగువన పోటు వేళ గోదారి పాయల్లోకి ఉప్పునీరు ఎదురు రావడం ఆయన చూసిందే. అమెజాన్‌లో మాత్రం పోటు ప్రభావం సముద్రం నుంచి దాదాపు 800 కిలోమీటర్లు లోపలికి, ఓబిడోస్ దాకా తెలుస్తుంది. ఎందుకంటే శుభలేఖ కవరు మీది ఆ వాలే. 36 కిలోమీటర్లకు ఒక్క మీటరు ఎక్కితే చాలు, సముద్రానికి అదొక మెట్టా?

కాబట్టి అంతదాకా రోజుకు 50 పెట్టిన నది చివరికొచ్చేసరికి పూటపూటకూ మాట మారుస్తుంది. పాటు నడిచేటప్పుడు ఈదాలి, పోటులో ఈదితే ఒళ్లు అరగడమే తప్ప దూరం రాదు. పాటు పగలే రావాలని లేదు. తల తిరుగుతూ, డాక్టర్లు వద్దంటున్నా స్ట్రెల్ చివర్లో రాత్రిపూట కూడా నీళ్లలో దిగింది ఆ దశలోనే. నాకైతే 66 రోజుల్లో ప్రమాదమంతా ఇక్కడే పోగుపడినట్టు అనిపిస్తుంది. ఒళ్లు ఓడిపోయిన చోటే నది సాయం మానేసింది. గమ్యం కళ్లెదుట ఉందని ఇంకో రోజు ఆగడానికి మనసొప్పదు కూడా. ఆగమని చెప్పినవాళ్ల మాట వినకపోవడం గొప్పని పిల్లలతో చెప్పడానికి నాకు ఇష్టం లేదు. గోదారి ఒడ్డున పెరిగాను, ఏటా రేవుల్లో పోయేవాళ్ల కబురు వింటూనే ఉన్నాను. చార్టు మీద ‘డాక్టర్లు వద్దన్నా ఈదాడు’ అన్న వాక్యం తీసేసి, ‘వెంట డాక్టర్లు, పడవలు ఉన్నాయి’ అని పెద్దక్షరాల్లో రాయించాను.

పిల్లలు దీన్నీ ఆట చేసుకున్నారు. బిరడాను ఏ క్షణం వదిలితే పాటు అందుకుని ఒక్క దెబ్బకు బెలెం చేరుతుందో కనిపెట్టాలి. లెక్కల పిల్లాడు తలుపు కీచుమనడం మొదలవగానే లెక్కపెట్టుకుని వదులుతున్నాడు. వాడే ఎక్కువసార్లు గెలుస్తున్నాడు. అందులో అన్నిటికన్నా చిన్నది నన్నడిగింది: ‘ఆంటీ, కావేరికి కూడా స్విచ్ ఉంటుందా?’ బెంగళూరు పిల్ల, నది అంటే కుళాయిలో వచ్చేదే. వంద కిలోమీటర్ల దూరం నుంచి అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కించి తెచ్చే నీళ్లు కాబట్టి, ఉంటుందనే చెప్పాను.

మిగిలిన పనులు

లైట్ల రంగులు పిచ్చిగా మారుతున్నాయి. 3.3 వోల్టుల సిగ్నల్‌ను 5 వోల్టులకు మార్చే చిప్పు పెడితే సర్దుకుంటుందని నమ్మకం. ఎస్పీ రోడ్డుకు మళ్లీ వెళ్లాలి. బిరడాకు మీసం పర్మనెంట్ మార్కర్‌తో పెట్టాలి. పిరానా పళ్లలో సగం విరిగాయి, ఆ పిల్లాడికి ఇంకా చెప్పలేదు.

ట్రే ఎనిమిది అడుగులు, మా లిఫ్టు ఏడడుగులు. నిలబెట్టినా, ఏటవాలుగా పెట్టినా పట్టదని టేపు పెట్టి చూసుకున్నాం. క్లబ్ హౌస్ దాకా మెట్ల మీదుగానే దించాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టాను: శనివారం సాయంత్రం ఆరుకు నలుగురు మనుషులు కావాలి, నడుం నొప్పి లేనివాళ్లు. ఇప్పటికి ముగ్గురు ఒప్పుకున్నారు. బాబాయిగారు నాలుగో మనిషిగా చెయ్యెత్తితే వాళ్లబ్బాయి దించేశాడు.